గొంతు మీద అరచెయ్యి

పద్నాలుగు నెలలు మా చాందుకి.
ఎదురింటి రంగస్వామి కూతురు వీనికంటే నెల చిన్నది,
తాత, కాకి, అత్త, అన్నీ అంటాది.
మావోడు గమ్మున చూస్తాడు.
ఆ కండ్లు మాత్రం, సామీ,
ఒక్కోదానికి ఒక నోరున్నట్టు.

మాయమ్మ హుసేనమ్మ వసకొమ్ము కాల్చి
తల్లిపాలతో అరగదీసి నాలిక్కి రాసింది.
"వారం తిరిగేలోపల వసపిట్టయితాడు,
మీరే నోరు మూయించల్ల" అనింది.
వారం తిరిగింది. మూడు వారాలు తిరిగినాయి.
కొమ్ము అరిగి చిటికెనవేలు గోరంతయింది.

రమీజ రాత్రిపూట వాని వెనక నిలబడి
గంటెతో తట్ట మీద కొట్టేదంట,
తల తిప్పుతాడేమోనని.
ఒగసారి తిప్పుతాడు, ఒగసారి తిప్పడు.
తిప్పని రాత్రి ఆమె అన్నం గిన్నెలో అట్లే ఉండేది.
అన్నం నాకు కనపడింది.
తట్ట చప్పుడు నేనెప్పుడూ వినలే.

తాడిపత్రిలో నాపరాళ్ళ పాలీషు మిషను కాడ
పదకొండేండ్లుగా నా కూలి.
కింద బండ, పైన చక్రం, నడుమ నీళ్ళు.
పొద్దున ఏడుకు మొదలైన అరుపు దీపాలు పెట్టేదాకా ఆగదు.
ఆడ పేరు పెట్టి ఎవర్నీ పిలవం.
బొటనవేలు నోటికాడికి పోతే నీళ్ళు.
రెండు వేళ్ళు మడిస్తే టీ.
మీసం దువ్వితే ఓనరు వస్తాండాడు.

అనంతపురం పెద్దాసుపత్రిలో
వానికి నిద్రమందు తాపి
నుదుటికీ చెవుల వెనకా వైర్లు అంటించినారు.
తెర మీద గీతలు పోతాండాయి,
ఎండిన పెన్నలో ఇసక మీద గాలి గీసినట్టు.
ఆ గీతలకు మొక్కుకున్నా:
పెట్టేదేదన్నా ఉంటే నా చెవుల్లో పెట్టు,
వాని చెవులిడిసిపెట్టు.
అప్పటికే పెట్టేసినాడని
నాకెవరూ చెప్పలే.

డాక్టరమ్మ వచ్చి ఏందో అనింది.
"ఆఁ?" అన్నా.
మళ్ళా అనింది.
"ఆఁ?"
మూడోసారి రమీజ నా మోచెయ్యి గుంజి
తన చెవి ముట్టుకుని, బొటనవేలు పైకెత్తింది.
బాగుండాయంట.
డాక్టరమ్మ రమీజ వేళ్ళను చూసింది.
నా మొగం చూసింది.
మాస్కు కిందికి లాగి, కుర్చీ జరిపి
"ఇప్పుడు నువ్వు కూర్చో" అనింది.
పెదాలు చూసి తెలుసుకున్నా.

మేం మాట్లాడుకునేది మానేసిన రోజుకు తారీకు లేదు.
మొదట్లో రెండుసార్లు చెప్పేది పాపం.
తర్వాత గట్టిగా చెప్పేది.
గట్టిగా చెప్తే వీధి కొట్లాటనుకుంటాదని
చేత్తో చెప్పబట్టింది.
నాకూ సుకమే అనిపించింది, నిజం చెప్పాలంటే.
వాడు ఉయ్యాల్లోనుంచి అంతా చూసినాడు.

దప్పికైతే వాడు ఏడవడు.
బొటనవేలు నోటికాడ పెడతాడు.
వేలు చీకుతాండాడని కసురుకున్నాం ఇన్నాళ్ళూ.

ఇప్పుడు రోజూ రాత్రి వాన్ని రొమ్ము మీదేసుకుని
తోచిందల్లా చెప్తాండా.
నాకేం తెలుసు చెప్పేకి?
ఏ రాయి నీళ్ళు తాగుతాది, ఏది అంచు కాడ పెట్లుతాది,
లారీకి ఎన్ని అడుగులెత్తినాం ఈ పొద్దు.
రమీజ అరచెయ్యి కిందికి ఊపుతాది, మెల్లగా అని.
వెంటనే నాలిక్కరుచుకుని
నోటితో అంటాది, "మెల్లగా".

పాలీషు వచ్చిందా లేదా కంటికి తెలీదు.
మిషను ఆపి అరచెయ్యి ఆనిస్తే తెలుస్తాది.
అట్లనే వాని గొంతు మీద చెయ్యి పెట్టుకుంటా.

నిన్న రాత్రి ఆడ ఏదో అదిరింది.
అబ్బ అన్నట్టుండె.
బండ కాలి మీద పడితే మేమనే అబ్బ కాదు,
ఇంకా మెత్తనిది.
"రమీజా!" అని అరిచినా.
ఆమె బయట బోకులు తోముతాంది, వినలేదంట.
మాయమ్మేమో పాలు తాగినాడు కదరా, తేపంట.

ఏమో.
చెయ్యి మాత్రం తియ్యలే నేను.